కబ్ద్‌లో సువార్తకు కప్పిన శాలువా

కువైట్‌లో మనవాళ్లు ఎవరు సెలవు మీద ఊరెళ్తున్నా ముందు టికెట్ కొంటారు, వెంటనే సువార్తకు ఫోన్ చేస్తారు. అట్టపెట్టె కట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, సెంటు సీసాలు ఎన్ని కూరినా పెట్టె ఉబ్బదు, నైలాన్ తాడు జారదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. ఒక్కటే షరతు: మనం వాడిన బట్ట ఒకటి, ఉతక్కుండా, అన్నిటికన్నా పైన పెట్టాలి. ఊళ్లో పెట్టె విప్పగానే ముందు మన వాసన రావాలంటుంది. నేను నర్సును, సబ్బునీ వేణ్ణీళ్లనీ నమ్ముకుని బతుకుతున్నదాన్ని. మాసిన బట్ట పెట్టడమేమిటని ప్రతిసారీ పోట్లాడతాను. ఆఖరికి ఉతికిందే పెట్టి ఆమె కళ్లు కప్పుతాను.

ఈసారి నా సెలవు ఖాయం కాగానే ఫోన్ చేస్తే, "వచ్చే శుక్రారం కడతానండి సిస్టరుగారూ. ఈ శుక్రారం నాకేదో సన్మానమంటండి, కబ్ద్‌లో. ఒక్కదాన్నే ఎల్లాలంటే భయమండి, మీరూ రండి" అంది. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా చలికాలంలో ఒక పురస్కారం ఇస్తుంది. తరాలుగా వలస వచ్చిన కుటుంబం నుంచి, తోటివారికి సాయపడిన ఒకరిని పిలిచి గౌరవిస్తారు. సువార్త తల్లి శాంతమ్మ ఒకప్పుడు ఇక్కడే కువైటీల ఇంట్లో పనిచేసి వెళ్లింది. ఇప్పుడు కూతురు. నా ప్రయాణం అలా మొదలైంది.

కబ్ద్ అంటే ఎడారిలో తోటలు, గొర్రెల దొడ్లు. అక్కడికి బస్సు లేదు, ఖాళీ టాక్సీలూ దొరకవు. అందుకే జగిత్యాల రాజన్న కారును రానూపోనూ పది దినార్లకు మాట్లాడుకున్నాను. పొద్దున పదికి ఎగైలాలో నన్ను ఎక్కించుకుని, ముబారక్ అల్ కబీర్‌లో సువార్త పనిచేసే ఇంటి ముందు ఆపాడు. నీలం చీరలో, తలకు మల్లెపూల లోటు తప్ప పెళ్లికి వెళ్తున్నంత ముస్తాబుగా వచ్చింది.

కూర్చోగానే, "పొద్దుగూకే మగ్రిబ్ బాంగుకి నేను ఇంట్లో ఉండాలండి" అంది. ఆ ఇంటి పెద్దావిడకు పక్షవాతం. ఇక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం సువార్త ఆమెను మామా అంటుంది. "మామా నా చేత్తో పెడితేనే తింటాదండి. మాటిచ్చేసొచ్చాను."

"గా ముచ్చట నాకిడిసిపెట్టు చెల్లే. టైముకు దింపుత" అన్నాడు రాజన్న.

ఏడో రింగు రోడ్డు మీద ముప్పావు గంట ప్రయాణం. ఊళ్లో ఉన్న సువార్త కూతురు ఎలా ఉందని అడిగాను. పాప పేరు బ్లెస్సీ, పదేళ్లది. మూడేళ్లప్పుడు అమ్మమ్మ శాంతమ్మ దగ్గర వదిలి వచ్చింది.

"ఫోన్ దగ్గరికి రాదండి. హోంవర్కు ఉందని పారిపోతాది. దాని తప్పు కాదులెండి, నేనెవర్నో దానికేం తెలుసు?" అంటూ కిటికీలోంచి బయటికి చూసింది. మళ్లీ తనే అందుకుంది. "నా చిన్నప్పుడు మా అమ్మ పెట్టి పంపిన పెట్టెలో పైన ఆవిడ నైటీ ఉండేదండి, మాసింది. చాక్లెట్లు మా అన్నకిచ్చేసి నైటీ నేను దాచుకునేదాన్ని. దాన్ని వాసన చూసుకునే పడుకునేదాన్ని. నేను పంపినవి మాత్రం, పాప తెలిసీ తెలియక ఉతికించేస్తంది."



తోటలో షామియానా, కుర్చీలు, బిర్యానీ గుండిగలు. చలిగాలికి ఇసుక లేచి గ్లాసుల్లో పడుతోంది. పదకొండింటికి అన్న సభ ఒంటిగంటకు మొదలైంది. ప్రార్థనా గీతం, పిల్లల డాన్సులు, భోజనాలు, మళ్లీ డాన్సులు. పురస్కారం మాత్రం ముఖ్య అతిథి చేతుల మీదుగానే ఇవ్వాలట. ఆయన దారిలో ఉన్నారని మైకులో ఎన్నిసార్లు చెప్పారో! మనవాళ్ల సభల్లో ముఖ్య అతిథి ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. మూడున్నర దాటింది. సువార్త వాచీ చూసుకోవడం, కొంగు సర్దుకోవడం. చివరికి లేచి నిలబడింది.

"ఎల్దామండి. మామా ఆకలికి ఆగలేదు."

కార్యదర్శిగారు పరుగున వచ్చారు. "పది నిమిషాలమ్మా, ప్లీజ్. వచ్చేస్తున్నారు."

"నాకు సన్మానం వద్దులెండి. మాటిచ్చాను" అని చెప్పులేసుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పురస్కారంగా ఇచ్చే షీల్డుతో ఫోటో దిగి పాపకు పంపాలని వారమంతా కలలు కన్నదని నాకు తెలుసు.

రాజన్నకు తిక్క రేగింది. "సార్, గా పెద్దమనిషి ఒక్క పెట్టెన్న కట్టిండా? మా నాయిన సచ్చిపోయిన నాడు ఏడ్సుకుంట పోతుంటె నా పెట్టె కట్టింది గీ చెల్లె. కప్పేది మేం కప్పుతం. ఇటియ్యుండ్రి శాలువ!"

కార్యదర్శిగారు ఒక్క క్షణం తటపటాయించి, వేదిక మీది పళ్లెం తెప్పించారు. మాట ఆ నోటా ఈ నోటా పాకి, కుర్చీల్లోంచి మనుషులు కారు దగ్గరికి వచ్చేశారు. ఆమె చేత పెట్టె కట్టించుకోనివాళ్లు అక్కడ ఎవరైనా ఉన్నారా అనిపించింది. అందరూ తలో చెయ్యి వేసి శాలువా కప్పారు, షీల్డు చేతిలో పెట్టారు. సువార్త వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

"యల్లా, యల్లా! జరుగుండ్రి!" అని రాజన్న అందరినీ తప్పించి కారు తీశాడు. ముబారక్ అల్ కబీర్‌లో గేటు ముందు దిగుతుంటే బాంగు మొదలైంది. షీల్డు ఇప్పుడే ఇవ్వు, శాలువా కూడా ఇస్తే రెండూ పాపకు చేరుస్తానన్నాను. షీల్డు ఇచ్చింది. శాలువా మాత్రం భుజాల చుట్టూ బిగించుకుంది.

"ఇది వచ్చే శుక్రారం తెస్తానండి. ఇప్పుడు దీనికి షాపు వాసనే ఉంది. ఈ వారమంతా కప్పుకుని పడుకుంటాను."

అన్నట్టే మరుసటి శుక్రవారం తెచ్చి, నా పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి తాడు బిగించింది. ఊరెళ్లిన రెండో రోజు నరసాపురం నుంచి గోదావరి దాటి, ఆటోలో రాజోలు దగ్గర వాళ్ల ఇంటికి వెళ్లాను. బ్లెస్సీ అమ్మమ్మ వెనక నిలబడి షీల్డు చూసింది, పక్కన పెట్టేసింది. శాలువా మడత విప్పాను. ఉల్లిపాయ తాలింపు, ఆ ఇంట్లో వేసే సాంబ్రాణి, నొప్పుల నూనె, వీటన్నిటి మధ్య సువార్త. నా అలవాటు ఎక్కడికి పోతుంది? "దుమ్ము పట్టిందమ్మా, అమ్మమ్మ చేత ఉతికించుకుని కప్పుకో" అన్నాను.

పిల్ల నా చేతిలోంచి శాలువా లాక్కుని ముఖానికి అదుముకుంది. "ఉతకొద్దు" అంది. ఆ మాటకు శాంతమ్మ గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

దూరాన ఉన్నవాళ్లం ఎన్ని పెట్టెలు పంపినా మనల్ని మాత్రం పంపుకోలేం. ఆ బెంగ తీరేది కాదు. ఆ పిల్లను చూశాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడకు నేను సబ్బు వాసనే పంపాను. సెలవు మీద ఊరెళ్లే వాళ్లకు, ఎవరి చేతైనా పెట్టె పంపే వాళ్లకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే: వాడిన బట్ట ఒకటి అన్నిటికన్నా పైన పెట్టండి, ఉతక్కండి.