తలుపు లేని చిన్న ఇల్లు

ఈమె పేరు నేను రాయను. తెలియక కాదు. ఆమె సమాధి తలవైపు పాతిన కర్ర ఇంకా అక్కడే ఉంది. మేం గ్లోవర్ ఏటి ఒడ్డున ఉండే, చాక్టా అనే ఆదివాసీ తెగ వాళ్ళం, మనిషి పోతే బెరడు తీసిన కర్ర ఒకటి పాతుతాం. ఊరంతా కూడి, గుడ్డ కప్పుకుని ఏడ్చి, కలిసి భోంచేసి, ఆ కర్ర పీకేదాకా పోయినవాళ్ళ పేరు పలకం, రాయం. పిలిస్తే వెళ్ళే మనిషి ఆగిపోతుంది. అందుకని ఆమెను ఫీబీ అమ్మమ్మ అనే రాస్తాను. ఫీబీ ఆమె మనవరాలు.

రాయడానికి నువ్వెవరంటారేమో, చెప్పేస్తాను. నేను ఎలమ్ టోనిహ్కాని. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను, మా పంతులు సెలవు పెడితే కింది తరగతులకు లెక్కలు చెప్పింది నేనే. నలభై ఏళ్ళ పైచిలుకు చర్చిలో మా భాష పాటలు ఎత్తాను, పుస్తకం తెరవకుండా. కర్రబంతి ఆటలో మా జట్టుకు పెద్దను, కావాలంటే నా ఎడమ భుజం చూడండి. రంపం మిల్లులో మేస్త్రీగా చేసి పది వేళ్ళూ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మిల్లులో ఆ మాట అనగలవాళ్ళు ఎక్కువమంది లేరు. అన్నిటికన్నా, మా శ్మశానంలో సమాధుల మీద ఉన్న చెక్క ఇళ్ళలో సగానికి పైగా నా చేతి పని. మనిషి పడుకున్నంత పొడవు, నడుమెత్తు గోడలు, పైన దేవదారు చెక్కల కప్పు. తలుపు ఉండదు. లోపలి మనిషి మీద వాన పడకూడదు, అందుకు.

ఫీబీ అమ్మమ్మ మా చర్చికి మొదట వచ్చింది ఒక చలికాలం ఆదివారం. యాభై దాటిన మనిషి. దూరపు పట్నంలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని, చేతులు నానీ నానీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పక్కన వంటిళ్ళలో అందరం భోజనాలకు కూచుంటే, గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఒకటే అడుగుతోంది.

"చిన్న ఇల్లు ఒకటి ఉండేదమ్మా, ఏటికి దగ్గర. మేం అందులో ఉండేవాళ్ళం. మీకేమన్నా ఎరుకా?"

"మావన్నీ చిన్న ఇళ్ళే తల్లీ," అంది వడ్డించే ఆవిడ. "పెద్దది ఎక్కడన్నా కనపడితే మాకూ చెప్పు, మారిపోతాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ కదల్లేదు. నేను జరిగి చోటిచ్చాను. కూచుని, మొక్కజొన్న గంజిలో పంది ముక్క పక్కకి నెడుతూ చెప్పింది.

ఆమె కూతురు పోయింది. కూతురి బిడ్డ ఫీబీ, ఇంకా నడక రాని పిల్ల, పరాయి వాళ్ళ ఇంట్లో ఉంది. వేరే రాష్ట్రం దంపతులెవరో పెంచుకుంటామని అడిగారు. వేసవిలో జడ్జి తేల్చేస్తాడు. పిల్ల మన తెగదని రుజువైతే మన తెగ మాట చెల్లుతుంది, పిల్ల అమ్మమ్మ దగ్గరికి వస్తుంది. రుజువు కావాలంటే అమ్మమ్మ ఎవరి కూతురో తేలాలి.

"అక్కడే ఆగిపోయిందన్నా. ఇంట్లో పుట్టినదాన్ని, జనన పత్రం లేదు. పెరిగింది అనాథ బడిలో. అది కాలిపోయింది, కాగితాలతో సహా. నా పేరు కూడా వాళ్ళు పెట్టిందే. పత్రం లేకపోతే ఎరిగిన పెద్దలు ఇద్దరు సాక్ష్యం చెప్పాలంట. తల్లి పేరు చెప్పాలి. ఆ పేరు పాత తెగ జాబితాలో ఉండాలి. తల్లి పేరే తెలిస్తే నేనిట్లా చర్చి చర్చికీ తిరుగుతానా?"

"చిన్న ఇల్లంటున్నావు. ఎట్లా ఉండేది?"

"నా అంత ఎత్తే అనిపించేది. లోపలికి ఎట్లా పోయేవాళ్ళమో ఎంత తలుచుకున్నా రాదు, తలుపు గుర్తులేదు. గోడకి గుండ్రటి చిల్లు ఉండేది. ఒకావిడ నన్ను దాని ముందు కూచోబెట్టి, 'మాట్లాడు, మీ అమ్మ వింటోంది,' అనేది. లోపల్నుంచి చల్లగా మొహానికి తగిలేది."

నా చేతిలో చెంచా అట్లాగే ఆగింది. ఆమె బతుకంతా వెతికింది, మనుషులు బతికే ఇల్లు అనుకుని. ఇన్ని ఊళ్ళ జనం కూడా అట్లాగే అనుకున్నారు. చిల్లున్న ఇల్లు మా శ్మశానంలో ఒక్కటే ఉంది. ఆ చిల్లు చెక్కింది నేను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు, ఈ ఒడ్డుకి పనికోసం కొత్తగా వచ్చాను. తిండి దొరకని ఏడు అది. పడమటి పత్తి చేల నుంచి ఎవరిదో బండి ఒకటి వచ్చి సొఫైనా అనే ఆవిడ వాకిట్లో ఆగింది. అందులో సొఫైనా చెల్లెలు, ఒళ్ళో పసిగుడ్డు. చెల్లెలు ఆ వారమే పోయింది. గొయ్యి తీయమని, ఇల్లు కట్టమని నన్ను పిలిచారు. పోయిన మనిషి పేరు నేను అడగలేదు. మాలో ఎవరూ అడగరు. సొఫైనా ఒక్కటే అడిగింది, పడమటి గోడకి చిల్లు పెట్టమని. "ఎందుకక్కా?" అంటే, "రావడానికి," అంది. ఆ ఏడు నలుగురికి పెట్టడానికి ఎవరింట్లోనూ గింజల్లేవు, ఏడుపు జరపలేదు, కర్ర పీకలేదు. మరుసటి ఏడూ అంతే. పిల్లను పెంచుతూండగానే, కొన్నేళ్ళకి సొఫైనాకి క్షయ పట్టి దూరపు ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి పిల్లను ఎవరో ఏ బడికో చేర్చేశారు. సొఫైనా ఎంత తిరిగినా జాడ తెలియలేదు.

భోజనాలయ్యాక ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళాను. దారి చూపించే పని లేకపోయింది. గేటు దాటగానే నన్ను దాటి ముందుకు పోయింది. ఆ ఇంటి ముందు చిన్నపిల్లలా కాళ్ళు చాపుకుని కూచుని, చిల్లు దగ్గర మొహం పెట్టింది. చాలాసేపటికి అంది:

"అదే చల్లదనం."

నేను దగ్గరికి పోలేదు. చిల్లు అంచు నిగనిగలాడుతోంది, నేను గీకినప్పుడు అట్లా లేదు. ఏళ్ళ తరబడి ఎవరిదో చెయ్యి ఆనిన నునుపు.

సొఫైనాకి అప్పుడు ఎనభై ఏడేళ్ళు. ఏటి మలుపులో ఒంటరిగా ఉండేది. ఒంటరిగా అని మేం అనేవాళ్ళం గానీ, ఆ ఇంట్లో రెండో కుర్చీ మీద ఎవరినీ కూచోనిచ్చేది కాదు. పొయ్యి దగ్గర తిరుగుతూ, "కాళ్ళు తియ్యవే, తగులుతాయి," అనేది. మేం విననట్టు ఉండేవాళ్ళం.

ఫీబీ అమ్మమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంట్లోకి పోగానే సొఫైనా నన్ను చూసి, "ఏరా ఎలమ్, నాకు ఇల్లు కట్టడానికి కొలతలు తీసుకోను వచ్చావా?" అంది.

"నీ కొలత నాకు ఎప్పుడో తెలుసక్కా. చెక్క ఎండబెట్టి ఉంచాను కూడా."

"పురుగు పట్టిపోతుంది, వేరే ఎవరికన్నా వాడు." నవ్వుతూ నా వెనక చూసింది. నవ్వు ఆగిపోయింది. వచ్చి ఫీబీ అమ్మమ్మ గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది. చెవి వెనక కాలిన మచ్చ ఉంది. దాన్ని వేలితో తడిమింది.

"పొయ్యి దగ్గరికి పాకొద్దన్నానా," అంది. అంతే. ఇద్దరూ ఏడవలేదు. సొఫైనా పోయి గిన్నెలో గంజి పోసుకొచ్చింది. రెండో కుర్చీలో కూచోమంది. ఆ కుర్చీలో బతికున్న మనిషి కూచోగా అప్పుడే చూశాను.

ఇంక పని అయిపోయిందనే అనుకున్నాను. ఒక సాక్షిని నేను, రెండో సాక్షి సొఫైనా. కానీ సంగతి విని ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా చెల్లెలి కూతురని చెబుతాను. ఎక్కడైనా చెబుతాను. పేరు చెప్పను."

"నీకు చెల్లెళ్ళు నలుగురక్కా. పాత జాబితాలో నలుగురి పేర్లూ ఉన్నాయి. ఏ చెల్లెలో తేలకపోతే ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోతే పోనీ. కర్ర పీకని మనిషిని పేరెత్తి ఎట్లా పిలవమంటావురా?"

"అయితే పీకుదాం. ఇప్పుడు గింజలకేం కరువు? విందు నేను చేయిస్తాను."

సొఫైనా పొయ్యి వైపు చూస్తూ కూచుంది. అప్పుడు నాకు అర్థమైంది. పేరంటే భయం కాదు ఆమెకి. కర్ర కుళ్ళినప్పుడల్లా కొత్తది పాతించుకున్నదే అందుకు. వాటిలో కొన్ని నేనే కొట్టి తెచ్చాను.

"పీకితే అది వెళ్ళిపోతుంది," అంది చివరికి, చాలా మెల్లగా. "పొద్దున లేస్తే ఎవరితో మాట్లాడను?"

ఫీబీ అమ్మమ్మ గిన్నె కింద పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు ఆమెను ఇన్నేళ్ళు దగ్గరుంచుకున్నావు. నాకు ఒక్కరోజు కూడా లేదు. నా పేరు కూడా నాది కాదు. రేపు నా మనవరాలు కూడా ఎక్కడో గోడ పక్కన కూచుని, ఏదో చల్లగా తగిలేదని చెప్పుకోవాలా?"

ముసలమ్మ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. మేం వాకిట్లో కూచున్నాం. లోపల మాటలు వినిపించాయి, ఒకరు ఒప్పిస్తున్నట్టు, ఒకరు ఒప్పుకోనట్టు. వినిపించిన గొంతు ఒక్కటే. తలుపు తెరిచి, "ఎర్ర ఉల్లికాడలు మొలవనీ. అడవి ఉల్లి, గుడ్డు దానికి ఇష్టం. విందులో అది ఉండాలి," అంది.

అడవి ఉల్లి మొలిచాక ఏడుపు పెట్టుకున్నాం. పందిని కోశాం. ఆడవాళ్ళు మొక్కజొన్న పిండి పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించారు. తెగ ఆఫీసు నుంచి సాక్ష్యాలు రాసుకునే అమ్మాయి వచ్చి, కంచె పక్కన చెప్పులు విప్పి నిలబడింది. మర్యాద తెలిసిన పిల్ల. సొఫైనా, ఫీబీ అమ్మమ్మ సమాధి ఇంటి ముందు ఒకే దుప్పటి కింద తలలు కలిపి కూచున్నారు. నేను పాట ఎత్తాను. నా గొంతు ఆ రోజు ఎట్లా పలికిందో అక్కడున్న వాళ్ళని అడగండి, నేను చెబితే బాగుండదు. పాట అవగానే దుప్పటి కింద నుంచి ఏడుపు లేచింది. "నా చెల్లీ" అని ఒకటి, "అమ్మా" అని ఒకటి. కాసేపటికి ఏది ఎవరిదో తెలియలేదు. మూడో గొంతు కూడా వినిపించిందని తర్వాత ఒకరిద్దరు నా దగ్గర అన్నారు. నాకు చెవులు బాగానే వినపడతాయి. అయినా ఆ మాటకి నేను అవుననలేదు, కాదనలేదు.

పొద్దు వాలుతుంటే కర్ర పీకాను. సులువుగా వచ్చింది, పట్టు వదిలినట్టు. సొఫైనా దుప్పటి తీసి, ఆఫీసు అమ్మాయి వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"లైనీ హొటబ్బీ. నా మూడో చెల్లెలు. ఇది దాని కూతురు."

ఆ తర్వాత ముసలమ్మ తల మెల్లగా తిప్పింది. నడిచిపోయే మనిషిని కళ్ళతో సాగనంపినట్టు చిల్లు దగ్గర నుంచి కంచె దాకా, కంచె నుంచి ఏటి దాకా, ఏరు దాటి పడమర చెట్ల దాకా. అక్కడున్న అందరం ఆమె చూపు వెంటే తిరిగాం. చెట్లు తప్ప ఏమీ లేవు. ముసలమ్మ చెయ్యి మాత్రం గాల్లో చాచి ఉంది.

వేసవిలో జడ్జి ఫీబీని అమ్మమ్మకి ఇచ్చాడు. ఆమె పట్నంలో పని మానేసి పిల్లతో సొఫైనా ఇంటికే వచ్చేసింది. మా బడి వంటగదిలో పనికి కుదిరింది. ఆమె ద్రాక్షరసంలో ఉడికించిన పిండి ఉండలు తిన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొఫైనా ఇంకో మూడు చలికాలాలు బతికింది. పొయ్యి దగ్గర మాటలు మానేసింది. పిల్ల నవ్వితే నవ్వేది. నన్ను పిలిచి, చిల్లుకి చెక్క కొట్టెయ్యమంది. కొట్టేశాను. "ఇల్లు ఖాళీరా ఎలమ్," అంది ఒకసారి, పిల్ల ఒళ్ళో ఉండగానే.

ఫీబీ అమ్మమ్మ కిందటి ఆకురాలు కాలంలో పోయింది. తల్లి పక్కనే పెట్టాం. నాకు తొంభై దాటాయి, అయినా ఇల్లు నేనే కట్టాను, రంపం ఎవరికీ ఇవ్వలేదు. ఆఖరి గోడ నిలబెడుతుంటే ఫీబీ వచ్చింది. పదహారేళ్ళ పిల్ల, సొఫైనా పోలిక.

"తాతా, చిల్లు పెడతావా?"

"పెడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"నువ్వే కదా చెప్పావు."

"మరి ఏడుపు ఎప్పుడు పెట్టుకుందాం? పాట ఎత్తే ఓపిక నాకింకా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

"ఇప్పుడే అడగొద్దు తాతా."

పడమటి గోడకి గుండ్రంగా కోసి, అంచు గీకి నునుపు చేశాను. ఆమె చిల్లు ముందు కాళ్ళు చాపుకుని కూచుంది. మర్యాద కాదని నేను రంపం తీసుకుని గేటు వైపు నడిచాను. వెనక ఆ పిల్ల బడి సంగతులేవో చెబుతోంది. మాట మధ్యలో ఆపింది, అవతలి మనిషి చెప్పేది వినడానికి ఆగినట్టు. తర్వాత, "అవునా?" అని నవ్వింది.

నేను తిరిగి చూడలేదు.