రూబీ కూర్చున్న చోటు

బోనాల బందోబస్తుకు నన్ను ఛత్రినాకలో దింపినప్పుడు ఉదయం ఆరు. సన్నటి వాన. నేను హోంగార్డును. రెయిన్‌కోటు, లాఠీ, ఒక నీళ్ళ డబ్బా ఇచ్చారు. డబ్బా నాకు కాదు, రూబీకి. రూబీ బాంబుల వాసన పట్టే లాబ్రడార్. దాని తాడు పట్టేది హ్యాండ్లర్ యాదగిరి. వాళ్ళ వెనకాల నడుస్తూ జనాన్ని దూరంగా ఉంచడం నా పని. ఊరేగింపు మీరంతా చూస్తారు. అది వచ్చే దారిని ముందుగా ఒక కుక్క వాసన చూసి వెళుతుందని చాలామందికి తెలియదు.

మందుగుండు వాసన తగిలితే మొరగడం రూబీకి నేర్పలేదు. కూర్చోవడం నేర్పారు. అది కూర్చుంటే బాంబు ఉన్నట్టే.

రెండో రోజు ఒక పూల దుకాణం ముందు కూర్చుంది. యాదగిరి వాకీటాకీలో మూడే మాటలు అన్నాడు. "డాగ్ కూసుంది సార్."

గల్లీ ఖాళీ చేయించాం. ముసలివాళ్ళను ఎత్తుకొచ్చాం. బాంబు స్క్వాడ్ బుట్టలన్నీ విప్పింది. బంతిపూలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు మాదన్నపేట కూరగాయల మార్కెట్లో మళ్ళీ కూర్చుంది. మళ్ళీ అందరినీ పంపించాం. మళ్ళీ ఏమీ లేదు. తిరిగొచ్చిన ఒక బేరగాడు అరిచాడు. "ఏంది భాయ్, మీ కుక్కకు వంకాయలంటే గంత భయమా?"

జనం నవ్వారు. వాకీటాకీలో సీఐ గొంతు. "యాదగిరీ, కుక్కను నువ్వు నడిపిస్తున్నవా, కుక్క నిన్ను నడిపిస్తున్నదా?"

"ఒంట్లో బాగలేదేమో తమ్మీ," అన్నాను యాదగిరితో.

"ఏం లేదక్కా. కామ్‌చోర్ అయింది, పని ఎగ్గొడుతున్నది."

అయినా ఎక్స్‌రే తీయించాడు. ఎముకలన్నీ బాగున్నాయి. దాంతో రూబీని మళ్ళీ ట్రైనింగ్‌కు పంపమని ఆర్డర్ వచ్చింది. నన్నూ దాని వెంటే వేశారు. రోజూ పొద్దున గోడ దూకడం, నిచ్చెన ఎక్కడం. రూబీ చెప్పినట్టల్లా దూకింది. నేల మీద దిగిన ప్రతిసారీ కాస్త ఆగి, తర్వాతే కదిలేది. ఒక పొద్దున అలాగే దిగింది. వెనక కాళ్ళు లేవలేదు.

పశువుల ఆసుపత్రిలో ఎమ్మారై అన్నారు. మెడపట్టీ విప్పారు. మా బెల్టులు, విజిళ్ళు, వాకీటాకీ బయట పెట్టించారు. కదలకూడదని మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, మిషన్ సొరంగంలోకి తోశారు. మేం అద్దం ఇవతల నిలబడ్డాం. రేకు మీద సుత్తితో కొట్టినట్టు చప్పుడు. అంత చప్పుడుకీ రూబీ చెవి కదలలేదు.

డాక్టరమ్మ తెర చూపించింది. "ఎక్స్‌రేలో ఎముకలే పడతాయి. ఇందులో వెన్ను లోపలి నరాల తాడు కూడా కనిపిస్తుంది. ఇక్కడ చూడండి."

బూడిద రంగు తాడు. నడుముకు కాస్త పైన ఒక నల్లటి ముద్ద దాన్ని నొక్కేసింది. అక్కడ తాడు దారమంత సన్నగా ఉంది.

"డిస్క్ జారింది. ఇది ఇవ్వాళ మొదలైంది కాదు. నడుస్తూ నడుస్తూ కూలబడేదా?"

యాదగిరి తెరకు దగ్గరగా వంగాడు. "కూసునేది మేడం. మేం బాంబు అనుకున్నం."

"నడుస్తదా మేడం?" అని నేనడిగాను.

"ఆపరేషన్ చేస్తాం. కానీ తాడు లోపల కూడా దెబ్బతింది. వెనక కాలి వేలు గట్టిగా నొక్కినా దానికి తెలియడం లేదు."

ఆపరేషన్ చేశారు. కాళ్ళు రాలేదు.

నా డ్యూటీ ముగిసిన రోజు, జహనుమాలోని ఇంటికి వెళుతూ ఆసుపత్రిలో ఆగాను. వరండా అప్పుడే తుడిచారు. బెంచీల కింద వచ్చినవాళ్ళ సంచులు వరుసగా ఉన్నాయి. రూబీ ముందు కాళ్ళ మీద నడుస్తూ, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ ఒక సంచీ వాసన చూసింది. తర్వాత ఇంకొకటి. దానికి ఎవరూ చెప్పలేదు.

"బస్ బేటా, ఇంక చాలు," అంటున్నాడు యాదగిరి, వెనకాలే వంగి నడుస్తూ.

ఆగలేదు. చివరి సంచీ దాకా వెళ్ళింది. అది కూడా చూసి, తల తిప్పి యాదగిరి ముఖంలోకి చూసింది. దాని వెనక తడి నేల మీద రెండు గీతలు, వరండా పొడుగునా.

యూనిఫాం తిరిగి ఇచ్చేసి ఏళ్ళయింది. మా కోడలు ఇల్లు తుడిచినప్పుడు, నేల ఆరేదాకా నేను బయట నిలబడతాను.