రాకాసి పెళ్లాం

మా ఆయన దుర్మార్గుడని రేపల్లె అంతా నమ్మింది. నమ్మదా మరి! ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగి చెప్పారాయె. "ప్రాణస్నేహితుణ్ణి వెన్నుపోటు పొడిచిన రాకాసి! బాపట్లలో తేలిపోనున్న పగ! పిల్లాపాపలతో తరలిరండి!" అని ఒకటే గోల. పోస్టరు మీద మా ఆయన నల్ల బనీను వేసుకుని పళ్లు కొరుకుతూ ఉన్నాడు. ఆ బనీను కుట్టింది నేనే. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, మా కుస్తీ వాళ్ల బట్టలు కూడా నా చేతి మీదే వెళతాయి.

కూరగాయలామె నాకు కరివేపాకు కొసరెయ్యడం మానేసింది. "ఏంటమ్మా, మీ ఆయన అంత పని చేశాడంట? అన్నం పెట్టినోణ్ణే తన్నాడంట?" అంది. పక్కనున్నావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఓహో, రాకాసి పెళ్లాం ఈవిడేనా?" అంది మొహం మీదే. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆ అన్నం పెట్టినవాడు సరిగ్గా అదే వేళకి మా వంటింట్లో కూర్చుని నేను చేసిన చేపల పులుసు జుర్రుకుంటున్నాడు.

అతను నిజాంపట్నం హార్బరులో బోట్లకి ఐసు ఎక్కిస్తాడు. నన్ను వదినా అంటాడు. రింగులో మా ఆయనకి ఆగర్భశత్రువు, బయట ఒక కంచంలో తినే మనిషి. ఆట దగ్గర పడితే ఇద్దరూ కలిసి జనం కంట పడకూడదు, పగ చెడిపోతుంది. అందుకని హెల్మెట్ తియ్యకుండా పెరటి గుమ్మంలోంచి వచ్చేవాడు. మా ఆయన పందిళ్లు వేసే పనికి వెళతాడు. ఆ పని అయ్యాక ఇద్దరూ ఒక పాత మిల్లు గోడౌనులో సాధన చేసేవారు. ఎవరు కొట్టాలో, ఎవరు పడాలో, ఎవరు గెలవాలో అంతా ముందే రాసిపెట్టి ఉంటుంది. రాసేది తెనాలిలో ఉండే ఒక పెద్దాయన. ఆయన ఒకప్పుడు నాటకాలకి తెర పక్కన నిలబడి మాటలు అందించేవాడు. నాటకాలు తగ్గిపోయాక కుస్తీలకి కథలు కట్టడం మొదలెట్టాడు.

బాపట్ల ఆటకి ఇంకా పక్షం రోజులుందనగా మా ఆయనకి కొత్త బనీను తొడిగి సరిచూస్తున్నాను. ఎడమ చంక దగ్గర వదులుగా ఉంది. గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని, కదలకండి అని గదమాయిస్తూ ఒకటి గుచ్చాను. అది బట్టలో కాదు, ఆయన చేతిలో దిగింది. రక్తం బొట్టు పైకొచ్చింది. ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు.

"ఏవండీ, నొప్పిగా లేదా?"

"దేనికి?" అన్నాడు.

ఇంకో సూది తీసి అరచేతిలో గుచ్చాను. అప్పుడూ అంతే. టీ గ్లాసు ఎందుకు జారవిడుస్తున్నాడో, చొక్కా గుండీలు నన్నెందుకు పెట్టమంటున్నాడో ఆ నిమిషంలో అర్థమైంది. గారాం పోతున్నాడనుకున్నాను, నా మొహం!

మర్నాడే రైలెక్కించి తెనాలి తీసుకెళ్లాను. డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "మెడ ఎముకల మధ్య నరం నలిగిపోతోందమ్మా. ఇన్నేళ్లూ పడ్డవన్నీ పోగై ఇలా తేలింది. ఆపరేషను చెయ్యాలి. ఈ లోపల మెడ మీద ఇంకొక్క దెబ్బ తగిలిందా, మెడ కింద ఏదీ ఆయన మాట వినదు" అన్నారు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి స్టేషనులో బజ్జీలు తిన్నాడు.

"బాపట్ల అయ్యాక చేయించుకుంటాలే" అన్నాడు రైల్లో.

"బాపట్ల లేదు, గీపట్ల లేదు."

"పోస్టర్లు పడిపోయాయే."

"పోస్టరు చింపితే పోద్ది. మీ మెడ తెగితే నా మిషను మీద కుట్టలేను!" అని అరిచాను. పెట్టెలో వాళ్లంతా ఇటు తిరిగారు. ఎదురుగా కూర్చున్న ముసలాయన మా ఆయన్ని గుర్తుపట్టి, "రాకాసివి కదూ నువ్వు?" అన్నాడు మహా సంబరంగా. ఇక ఇంటికెళ్లేదాకా మా ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆయనకి ఆ పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. మా మామగారు ఈ చుట్టుపక్కల పౌరాణిక నాటకాల్లో దుష్టపాత్రలు వేసేవారు. మా వైపు పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిచారంటే పాడి తీరాలి. చచ్చి పడి ఉన్న పాత్రయినా సరే, లేచి, జనానికి దండం పెట్టి, పద్యం ఇంకోసారి పాడి, ఇంకోసారి చావాలి. అది మర్యాద, ఎవరూ నవ్వరు. మామగారు మంచంలో ఉన్న రోజుల్లో కూడా అదే చెప్పుకుని మురిసిపోయేవారు. "నన్ను జనం ఒక్కసారికి చావనివ్వలేదమ్మా" అనేవారు. మా ఆయనకి గొంతు లేదు, పద్యం రాదు. ఒళ్లొక్కటే ఉంది. ఏళ్ల తరబడి పడ్డాడు, తిట్లు తిన్నాడు, చెప్పులు విసిరించుకున్నాడు. "ఒక్కడంటే ఒక్కడు నన్ను వన్స్ మోర్ అనలేదే" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అన్నం వండటం మానేశాను. పుట్టింటికి పోతానని సంచి సర్దాను. ఆయన ఆ సంచి తీసి అటక మీద పెట్టాడు, కుడిచేత్తో. చివరికి ఆయనతో చెప్పకుండా తెనాలి వెళ్లి పెద్దాయన ఇంటి మెట్ల మీద కూర్చున్నాను.

"ఈ కథ మీరు రాసిందే కదా బాబాయి గారూ. మార్చండి" అన్నాను.

చివర్లో ఐసు మనిషి మా ఆయన్ని తలపైకెత్తి వెల్లకిలా విసిరికొట్టాలి. అది లేకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారన్నాడు పెద్దాయన. ఇంకొకణ్ణి పెడదామంటే అంత భారీ మనిషి లేడన్నాడు.

"ఒక్క ముక్క మార్చలేరా? దేవుడు రాసింది కాదు గదండీ, మీరు రాసిందే గదా!" అని ఆయన కాళ్లు పట్టుకున్నాను. సిగ్గూ లేదు, శరమూ లేదు ఆ పూట నాకు. ఆయన కంగారుగా కాళ్లు వెనక్కి తీసుకుని, "లేమ్మా, లే. మంచినీళ్లు తాగు" అన్నాడు. రాసిన కాగితాలు ముందేసుకుని, సరేనన్నాడు.

కథ మారింది. ఐసు మనిషి ఎత్తుతాడు, భుజం మీద వేసుకుని ఒక చుట్టు తిరుగుతాడు, మోకాలి మీద కూర్చుని పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెడతాడు. అదే క్షణంలో కాలితో రింగుని గట్టిగా తంతాడు. కింద చెక్కలు కాబట్టి ఊరంతా అదిరే చప్పుడొస్తుంది. జనానికి కావలసింది ఆ చప్పుడే. మా పెరట్లో పరుపులు పరిచి నా కళ్ల ముందే చేసి చూపించారు. మా ఆయన కుడిచేత్తో అతని మెడ చుట్టి, ఎడమచేత్తో నడుం పట్టీ పట్టుకుంటాడు. పడుకున్నాక, నేను భయపడకుండా, రెండు వేళ్లతో నేలని తడతాడు. బాగానే ఉన్నానని దానర్థం.

"ఐసు పెట్టెలైనా ఇంత పదిలంగా దించను వదినా" అన్నాడు అతను. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

ఆ సాయంత్రం బాపట్లలో ఇసకేస్తే రాలనంత జనం. పిట్టలవానిపాలెం నుంచి ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. నేను ముందు వరసలో పెద్దాయన పక్కన కూర్చున్నాను. మా ఆయన రింగులోకి రాగానే తిట్లు, ఈలలు, నీళ్ల సీసాలు. ఆయన వాటికి పొంగిపోతూ ఇంకా పళ్లు కొరికాడు. ఆట రాసినట్టే నడిచింది. ఆఖరికి అతను ఎత్తాడు, తిరిగాడు, మోకాలి మీద కూర్చున్నాడు. చప్పుడుకి నా పక్కన కూర్చున్నావిడ చెవులు మూసుకుంది. నేను వేళ్లకేసి చూశాను. రెండు వేళ్లూ నేలని తట్టాయి. రిఫరీ లెక్కపెట్టడం ముగించాడు. హమ్మయ్య అనుకున్నాను. పెద్దాయన నా చెయ్యి నొక్కి వదిలాడు.

అప్పుడు వెనకెక్కడి నుంచో వినిపించింది. "వన్స్ మోర్!"

ఒక్క గొంతు. తర్వాత ఆ వరస, తర్వాత అటు పక్క, తర్వాత మైదానమంతా. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఎక్కడైనా కుస్తీ చూసి అలా అరుస్తారా? మావాళ్లే అరుస్తారు. ఐసు మనిషి చేతులు జోడించి వద్దు వద్దని తలూపాడు. పెద్దాయన లేచి నిలబడి చేతులు అడ్డంగా ఊపాడు. నేను మాత్రం మా ఆయన మొహమే చూస్తున్నాను. చచ్చినట్టు పడుకున్న మనిషి పెదాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"వద్దండీ! లేవకండీ!" అని గొంతు చించుకున్నాను. ఆ అరుపుల్లో నా అరుపు ఎవరికి వినపడుతుంది?

లేచాడు. బనీను దులుపుకున్నాడు. నాలుగు దిక్కులా తిరిగి, వాళ్ల నాన్న పెట్టినట్టే వంగి దండం పెట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. మా ఆయన ఐసు మనిషి చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో అతను తర్వాత ఏడుస్తూ చెప్పాడు. "నాకోసం అడుగుతున్నార్రా. ఎత్తు" అన్నాడట.

అతను అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. ఇద్దరి ఒళ్లూ చెమటకి జారుతున్నాయి. ఎత్తాడు. తిరిగేటప్పుడు మా ఆయన ఎడమచెయ్యి నడుం పట్టీ మీద నుంచి ఊడిపోవడం చూశాను. ఆ చేతికి ఏం పట్టుకుందో, ఏం వదిలిందో తెలియదు కదా. మనిషి తలకిందులుగా జారాడు. ఈసారి చప్పుడు పెద్దగా రాలేదు. కొబ్బరికాయ ఇసకలో పడ్డట్టు చిన్నగా వచ్చింది.

వేళ్లకేసి చూశాను. తడతాడు, ఇప్పుడు తడతాడు అనుకున్నాను. తట్టలేదు.

తాళ్ల కింద నుంచి దూరి వెళ్లి పడ్డాను ఆయన మీద. "నిజంగా పడ్డాడండీ! అంబులెన్సుని పిలవండయ్యా! మీకు పుణ్యముంటుంది!" అని రిఫరీ చేతిలో మైకు లాక్కుని అరిచాను. చప్పట్లు కొట్టారు. ఐసు మనిషి మోకాళ్ల మీద కూలబడి తలబాదుకుంటుంటే, స్నేహితుడికి పశ్చాత్తాపం వచ్చిందని ఈలలు వేశారు. ముందు వరసలో, ఇంతసేపూ నా పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు పంచుకున్న ఆవిడే, "రాకాసి పెళ్లాం వేషం ఈవిడదా! ఎంత బాగా ఏడుస్తోందమ్మా" అంది. నా చెవులతో నేను విన్నాను. పెద్దాయన పైకొచ్చి, "ఇది నేను రాయలేదు బాబూ, ఇది నేను రాయలేదు" అని మైకులో ఒకటే పాట. దానికీ చప్పట్లే. ఫోన్లన్నీ మా మీదకి వెలుగుతున్నాయి.

అంబులెన్సు లోపలికొచ్చి స్ట్రెచరు దించాక గానీ వాళ్ల నోళ్లు మూతపడలేదు.

ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది. మాట ఉంది, చూపు ఉంది, తిండి నోటికి అందిస్తే తింటాడు. మెడ కింద ఏదీ ఆయన మాట వినదు, డాక్టరు గారు ముందే చెప్పారుగా. కూరగాయలామె ఇప్పుడు కరివేపాకు కట్టకి కట్ట సంచిలో పెట్టేస్తుంది, కళ్లు తుడుచుకుంటూ. ఆవిడ ఏడుపు చూస్తే నాకు కంపరం. ఆవిడ కూడా ఆ రోజు వచ్చింది. అరిచానని తనే చెప్పుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? ఇష్టపడే అరిచారు. ఆయన ఇష్టపడే లేచాడు. నా మొహం చూస్తే లేచేవాడా అని మాత్రం రోజూ అనుకుంటాను. ఒక్కసారి ఇటు తిరిగి చూడలేదు మహానుభావుడు.

ఐసు మనిషి పని అయ్యాక రోజూ వస్తాడు. ఇప్పుడు హెల్మెట్ అక్కర్లేదు, వీధి గుమ్మంలోంచే వస్తాడు. ఆయన్ని పక్కకి తిప్పి ఒళ్లు తుడుస్తాడు. నేను పొద్దునా సాయంత్రం నూనె రాసి ఆయన వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరుస్తాను. అలా చేస్తూ ఉండమన్నారు. వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు.

నిన్న సాయంత్రం కుడిచెయ్యి పట్టుకుని అదే పనిలో ఉన్నాను. ఆయన దూలానికేసి చూస్తున్నాడు. చూపుడువేలు నా అరచేతిలో కదిలింది. నేను కదిపానో, అదే కదిలిందో. చెయ్యి కింద పెట్టేశాను. ఆయనా ఆ వేలికేసే చూశాడు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది ఉలకలేదు, పలకలేదు.

ఆ రోజు మైదానమంతా అరిచిన మాట ఇంట్లో ఎవరినీ అననివ్వను. కానీ ఆ మాటకి ఆయన లేచాడు, నేను వద్దన్నా ఆగలేదు. వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"వన్స్ మోర్ అండీ" అన్నాను.