ముత్తవ్వ పంపిన సకినాల డబ్బా

దోహాలోని బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదిలో ఆరుగురం ఉంటాం. అందరిలో పెద్దవాడు లింబాద్రన్న, మా ఊరివాడే. పద్నాలుగేళ్ళు సెంట్రింగ్ పలకలు మోసి నడుము పాడుచేసుకున్నాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రాసిచ్చిన ట్రమడాల్ నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే డ్యూటీ గడిచిపోయేది. ఆ ఒకటి నాలుగైంది. పని లేని శుక్రవారం కూడా మానలేకపోయేవాడు. మేమేమో అలసట తెలియని మనిషని మెచ్చుకునేవాళ్ళం. కళ్ళుండీ చూడలేదు.

ఈసారి నేను లీవు ముగించుకుని తిరిగొస్తుంటే ఆయన భార్య ముత్తవ్వ సకినాల డబ్బా తెచ్చిచ్చింది. ఊరినుంచి వచ్చేవాడు ఎవరేదిస్తే అది మోసుకురావాల్సిందే. మూత తీసి చూడటం మా మధ్య మర్యాద కాదు. ఎయిర్‌పోర్టుకు జీపు ఎక్కబోతుంటే లింబాద్రన్న ఫోన్ చేశాడు.

"మారుతీ, డబ్బా ఇప్పి చూడు. అడుగున గోలీలుంటయ్, తీసెయ్. డాక్టర్ చీటి లేకుంట ఇక్కడ దొరికితే జైలే."

సకినాల కింద మాత్రల షీట్లు పది దొరికాయి. సాగనంపడానికి జీపు దగ్గరే నిలబడ్డ ముత్తవ్వకు చూపించాను.

"గవి లేకపోతె ఆయన పనెట్ల చేస్తడు? దుబాయ్ పోలీసోళ్ళకు పెయ్యి నొప్పులుండయా?" అన్నది. గల్ఫంతా ఆమెకు దుబాయే. ఆ మాత్రలకు జైలని పాపం, ఆమెకు నిజంగానే తెలియదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. డబ్బా ఆమె చేతిలోనే పెట్టి వచ్చేశాను. దోహాలో దిగగానే గదిలో అందరికీ చెప్పేశాను. ఆ రోజు నుంచి ఎవరూ ఆయనతో కలిసి తినలేదు.

ఆయన దగ్గరున్న మాత్రలు అయిపోయాయి. చెమటలు, వణుకు, వాంతులు. చేసుకున్నదానికి అనుభవించనీ అని ముఖం తిప్పుకున్నాను. మూడో రోజు ఒక్కడే బస్సెక్కి క్లినిక్‌కు వెళ్ళి, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడట. మాత్రలు రాకపోతే తనకు ఇదంతా వస్తుందని తెలిసే నాకు ఆ ఫోన్ చేశాడని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

టీ పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకేం గావాల్నన్నా?"

"ఇంటికి పోయేటోళ్ళను నా దిక్కు రానియ్యకు. చూస్తే తెమ్మని అడుగుత."

పోయిన శుక్రవారం పక్క గదిలోని మా ఊరి గంగరాజం లీవుకు బయలుదేరాడు. అందరం చుట్టూ మూగి ఇళ్ళకు కబుర్లు పంపుకున్నాం. లింబాద్రన్న బస్‌స్టాపులో ఎండలో కూర్చున్నాడు. గంగరాజం వెళ్ళిపోయాడని నేను పోయి చెప్పేదాకా లోపలికి రాలేదు. అతనితో ముత్తవ్వకు ఒక్క మాటయినా పంపలేదు.