తడి సిమెంటు మీద గోళ్ళ గీతలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట లాక్కో పద్మా, మా తమ్ముణ్ణి కూడా పిలువు. పొద్దున నా చేతికి తాపీ ఇచ్చి, "బావా, ఎనక అర్రలకు గబ్బిలాయిలొస్తున్నయ్. పిల్లలు ఆడ కూసొని సదువుమంటే భయపడ్తున్నరు. జర ఆ సందు మూసెయ్యి" అన్నావు. నేను తాపీని గూట్లో పెట్టి బయటికి వెళ్ళిపోయాను. నీకు కోపం వచ్చింది. వస్తుంది మరి. పదిహేడేళ్ళు ఫౌజులో పనిచేసినవాడు, అందులోనూ మేస్త్రీ కొడుకు, జానెడు సందు మూయడానికి వెనకాడితే ఎవరికైనా వస్తుంది. ఎందుకు వెళ్ళిపోయానో చెబుతాను. నాకు చదువు పెద్దగా రాలేదు గానీ, చూసింది మరిచిపోను.

ఫౌజులో ఉండగా సరిహద్దు కొండ మీది ఒక పోస్టుకు నేను చేరింది జూన్ నెలాఖరులో. మధ్యాహ్నం రెండున్నర. ట్రక్కు పదిన్నరకు కింద రోడ్డు మీద దింపింది. అక్కడి నుంచి నాలుగు గంటల ఎక్కుడు. వీపు మీద ఇరవై రెండు కిలోలు, చేతిలో రైఫిలు. సన్నటి వాన. కాలు పెట్టిన చోటల్లా జారేది.

పోస్టంటే ఎవరో వదిలేసి కిందికి వెళ్ళిపోయిన ఇల్లు. రాతి గోడలు. పైన రేకులు, రేకుల కింద చెక్క పలకలు. రెండు గదులు. ఒకదాంట్లో పడక, రెండోదాంట్లో వైర్‌లెస్ సెట్టు. వాకిట్లో కాపలాకు ఇసుక బస్తాలు పేర్చిన మోర్చా. తొమ్మిది మందిమి. అక్కడ పేర్లతో పని లేదు, చేసే పనే పేరు. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. వంట చేసేవాడు లంగరి. సెట్టు దగ్గర కూర్చునేవాడు సిగ్నల్. మా నాయిన ఝరాసంగం దిక్కు ఊళ్ళలో ఇళ్ళు కట్టినవాడు, ఆయన వెంట తిరిగి నాకూ తాపీ పని వచ్చింది. అది తెలిసిన రోజు నుంచి నేను మిస్త్రీని.

వచ్చిన సాయంత్రమే బూట్లలో నీళ్ళు ఒంపుకుంటూ వానను తెలుగులో తిట్టాను. సెట్టు గదిలోంచి సిగ్నల్ తల బయటపెట్టాడు.

"అన్నా, ఏడ మీది?"

"ఝరాసంగం దిక్కు. నీది?"

"రాయికోడ్! దేశం సివరకు వచ్చినా మా మండలం పక్కోడే దొరికిండు సూడు!"

ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇరవై ఐదేళ్ళుంటాయి. భార్యకు ఏడో నెల. జహీరాబాద్‌లో పుట్టింట్లో ఉంది.

అదే సాయంత్రం, ఏడూ నలభైకి, పలకల సందులోంచి ఒక గబ్బిలం గదిలోకి పడింది. లంగరి గరిటె ఎత్తి, "భూత్! భూత్!" అంటూ మంచం ఎక్కాడు. ఒకడు దుప్పటి కప్పుకున్నాడు. ఇంకొకడు హెల్మెట్ పెట్టుకున్నాడు.

"ఏందన్నా," అన్నాడు సిగ్నల్ కడుపు పట్టుకుని, "గబ్బిలాయికి ఉరుకుతున్నరు మిలటరోళ్ళు! మా అవ్వ సూసిందంటే రేపటి సంది తనే వచ్చి కావలుంటది."

నేను లాంతరు ఆర్పాను. తలుపు బార్లా తెరిచాను. ఎవరూ కదలొద్దని చెప్పాను. రెండు నిమిషాల్లో అది తన దారిన తను వెళ్ళిపోయింది. ఇది మా అమ్మ నేర్పిన పద్ధతి. మా పాత ఇంటి దూలాల్లో ఏటా గబ్బిలాలుండేవి. అమ్మ వాటిని కొట్టనిచ్చేది కాదు, చేత్తో ముట్టుకోనిచ్చేది కాదు. సందు మూస్తానని నాయిన సిమెంటు మాలు కలిపితే అడ్డం నిలబడేది. "ఇప్పుడు కాదు. పెసర కోతలు కానియ్యి. గప్పటికి పిల్లలకు రెక్కలొస్తయ్" అనేది. వానాకాలం మొదలు నుంచి పెసర కోతల దాకా మా ఇంట్లో ఆ సందు జోలికి ఎవరూ పోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

పదిహేను రోజులు గడిచాయి. పలకల పైన ఉండే గబ్బిలాల రెట్ట సందుల్లోంచి సెట్టు మీద రాలేది. సిగ్నల్ దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. ఒక సోమవారం కింది నుంచి అతనికే కబురు వచ్చింది. భార్యకు నెలలు నిండకుండానే కాన్పు అయింది. ఆడపిల్ల.

"గాజు పెట్టెల వెట్టిన్రట అన్నా," అన్నాడు. "కిలోంబావు కూడా లేదట. డాక్టరమ్మ ఫికర్ చెయ్యకున్రి అన్నదట. ఫికర్ చెయ్యకుంటె ఎట్ల?"

సెలవు మంజూరైంది. కానీ సెట్టును వదిలి వెళ్ళడానికి లేదు. ఇంకో ఆపరేటరు రావాలి. గురువారం పదకొండు గంటలకు కింది క్యాంపు నుంచి పెద్ద సాబ్, అంటే మా సుబేదార్‌కు పై అధికారి, తనిఖీకి వస్తున్నారు, ఆయన వెంటే ఆపరేటరు వస్తాడు. మూడు రోజులు ఆగాలి. అంతే.

మంగళవారం పొద్దున సుబేదార్ సాబ్ పిలిచారు.

"మిస్త్రీ, సెట్టు మీద రెట్ట కనిపిస్తే పెద్ద సాబ్ నా తాట తీస్తారు. ఈ సాయంత్రం గబ్బిలాలు బయటికి పోయాక సందు మూసెయ్."

"జీ సాబ్" అన్నాను.

అప్పుడు చెప్పాల్సింది. మూడు మాటలు చాలు. సాబ్, లోపల పిల్లలుంటాయి. ఆయన చెడ్డవాడు కాదు, వినేవాడే. పలకల కింద పట్టా కడదామంటే సరేననేవాడే. కానీ వచ్చిన నాటి నుంచి నేను గుంటలు తవ్వాను, నీళ్ళు మోశాను. నా పనితనం ఏమిటో చూపించే మొదటి ఆదేశం అది. పైగా మన ఊరి లెక్క ఈ కొండకు వర్తిస్తుందో లేదో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిచ్చెన తెచ్చి, బయటి వైపు గోడకూ రేకులకూ మధ్య అవి వచ్చిపోయే సందు కింద వేసుకున్నాను.

ఏడూ యాభైకి గబ్బిలాలు బయల్దేరాయి. ఒకటొకటిగా లెక్కపెట్టాను. అరవై మూడు. ఎనిమిదింబావుకు మాలు వేయడం మొదలుపెట్టాను. సందులో రాయి కూర్చడానికి చెయ్యి లోపల పెట్టినప్పుడు సన్నగా కిచకిచ వినిపించింది. చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. చివరికి తాపీ వదిలి వేళ్ళతోనే అంచులు నున్నగా అదిమాను.

సుబేదార్ సాబ్ టార్చి వేసి చూశారు. "శభాష్ మిస్త్రీ. చీమ కూడా దూరదు." ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పను, కలిగింది.

బుధవారం పొద్దున ఐదున్నరకు సిగ్నల్ నన్ను లేపాడు.

"అన్నా, పైన పిల్లలున్నయ్. ఒర్లుతనే ఉన్నయ్. జర తెరువరాదె."

"పెద్ద సాబ్ పోంగనే తెరుస్త తమ్మీ. రేపే కద."

"రేపటిదాక బతుకుతయా?"

"బతుకుతయ్ తియ్యి."

బయటికి వెళ్ళి చూశాను. చూరు కింద తల్లులు వేలాడుతున్నాయి, వానలో. ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాను.

ఆ రోజే కింద దారి మీద కొండ విరిగిపడింది. సెట్టులో కబురు వచ్చింది. తీసుకున్నది సిగ్నలే. తనే చదివి వినిపించాడు: "తనిఖీ శుక్రవారానికి మారింది. ఆపరేటరు కూడా శుక్రవారమే." చదివి, చెవులకున్నవి తీసి, పైకి చూశాడు. పలకల మీద పిల్లలు ఇంకా గోకుతున్నాయి. సుబేదార్ సాబ్‌ను నేరుగా అడిగాడు. తనిఖీ అయ్యేదాకా ఏదీ కదపొద్దన్నారాయన. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇప్పుడు చెబితే, ముందే ఎందుకు చెప్పలేదంటారు కదా.

గురువారం మధ్యాహ్నానికి పైన చప్పుడు ఆగింది. ఆగాక సిగ్నల్ అన్నం తినలేదు.

శుక్రవారం పదకొండూ ఇరవైకి పెద్ద సాబ్ వచ్చారు. సెట్టు గదిలో రెండు నిమిషాలు నిలబడ్డారు. "సాఫ్ హై" అన్నారు. పైకి చూడనే లేదు. పన్నెండుకు సిగ్నల్ దిగిపోయాడు. పన్నెండున్నరకు నేను నిచ్చెన వేసి, సుత్తితో నా పనిని నేనే పగలగొట్టాను. పిల్లలన్నీ ఒకే కుప్పగా సందుకు ఆనుకుని ఉన్నాయి. చేతికి గుడ్డ చుట్టుకుని గోనె సంచిలోకి తీశాను. లెక్కపెట్టలేదు. లంగరి గుంట తవ్వాడు. ఆ గరిటె ఎత్తినవాడే.

సిగ్నల్ ఆదివారం సాయంత్రం జహీరాబాద్‌లో దిగాడు. ఇంటికి పోకుండా నేరుగా దవాఖానకు పోయాడు. గాజు పెట్టె దగ్గర నిలబడితే అందులో వేరే వాళ్ళ బిడ్డ ఉంది. తన బిడ్డను శనివారమే మట్టిలో పెట్టేశారు.

నేను ఐదు నెలలకు సెలవు మీద వచ్చాను. జహీరాబాద్ బస్టాండులో సిగ్నల్ నా కోసం నిలబడి ఉన్నాడు; వేరే యూనిట్‌కు మారి, తనూ సెలవు మీదే వచ్చాడు. ట్రంకు పెట్టె అతనే ఎత్తుకున్నాడు. పక్కన హోటల్లో చాయ్ తాగాం. గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత. సందు మూసిననాడు లోపట పిల్లలున్నయని నీకు ఎర్కనేనా?"

"ఎర్క లేదు తమ్మీ" అన్నాను.

పెద్దగా ఊపిరి వదిలాడు. "గంతే కదా! ఎర్కుండి మూస్తవా నువ్వు. ఉత్తగనే మనసుల పెట్టుకున్న. మాఫ్ చెయ్యన్నా" అని నా భుజం తట్టి, రాయికోడ్ ఆటో ఎక్కాడు.

అతను మీకు తెలుసు. ఏటా దసరాకు జమ్మి ఆకు పట్టుకుని వచ్చి నా కాళ్ళకు దండం పెట్టే రాయికోడ్ తమ్ముడే. అతను వంగినప్పుడు నేను కాళ్ళు వెనక్కి లాక్కుంటాను. "ఏందన్నా, సిగ్గు పడ్తున్నవ్" అని నవ్వుతాడు. ఈ ఆదివారం రాయికోడ్ పోయి ఎరుకేనని చెప్పి వస్తాను. తరవాత దసరాకు వస్తాడో రాడో, అది అతని ఇష్టం.

పద్మా, ఆ సందు కింద గది వైపు నేను రేపు దోమతెర బిగిస్తాను, పిల్లల మీదికి ఏదీ రాదు. పెసర కోతలయ్యాక, గబ్బిలాలు బయటికి పోవడమే తప్ప తిరిగి లోపలికి రాకుండా సందుకు గుడ్డ వేలాడదీస్తాను. నాలుగు సాయంత్రాలు కాపలా కూర్చుని, లోపల ఏదీ లేదని చూసుకుని, అప్పుడు మూస్తాను.

బుధవారం పొద్దున బయట ఏం చూశానో ఇందాక సగమే చెప్పాను. నేను నున్నగా అదిమిన సిమెంటు మీద నా నాలుగు వేళ్ళ అచ్చులున్నాయి. వాటి మీద, అడ్డంగా, నిలువుగా, సన్నటి గీతలు. మాలు పచ్చిగా ఉండగానే తల్లులు వచ్చి గోకాయి. తెల్లారేసరికి గీతలు అట్లాగే గట్టిపడ్డాయి. కళ్ళు మూసుకున్నా, ఏ గోడ చూసినా, నాకు ముందు అవే కనబడతాయి.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఈ ఇంటి తల్లులూ తండ్రులూ ఏ వేళకు తిరిగి వచ్చినా, లోపల పిల్లలు పలకాలి, తలుపు తెరిచి ఉండాలి.