ఒకటో కుర్చీ కుర్రాడు

వెస్లీ ప్రూసాక్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అది 2011 మే నెల. లాస్ వేగస్‌లో బౌల్డర్ హైవే మీద ఉన్న కాపర్ లాంటర్న్ కాసినోలో నేను అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా పేకముక్కలు పంచుతున్నాను. తలమీదికి లాక్కున్న ముసుగు చొక్కా, నల్ల కళ్ళద్దాలు, చెవుల్లో పాటలు. ఇరవయ్యేడేళ్ళుంటాయి. వచ్చి నా ఎడంపక్క ఒకటో కుర్చీలో కూర్చున్నాడు. పలకరిస్తే పలకలేదు. మొదటి గంటలో రెండు పెద్ద పందేలు గెలిచి కూడా, గెలిచినవాళ్ళు పంచినవాళ్ళకి ఇచ్చే ఒక్క డాలరు బిళ్ళ నా వైపు నెట్టలేదు. వట్టి పిసినారి అనుకున్నాను. ఆరేళ్ళుగా అతను మనిషి పంచిన ముక్క ముట్టుకోలేదని తర్వాత తెలిసింది.

ఆ ఏప్రిల్లో ప్రభుత్వం ఇంటర్నెట్ పేకాట సైట్లని ఒక్క రోజులో మూయించింది. అంతవరకు వెస్లీ, పక్క ఊరు హెండర్సన్‌లో తన పడకగదిలో రెండు తెరల ముందు కూర్చుని ఏడాదికి తొంభైవేల డాలర్లు సంపాదించేవాడు. ఒకేసారి పదహారు బల్లల మీద ఆట. అక్కడ ఎదుటివాడికి మొహం ఉండదు. ఒక మారుపేరు, దాని పక్కన వాడు వందకి ఎన్నిసార్లు పందెం పెంచుతాడో, ఎన్నిసార్లు ముక్కలు పారేస్తాడో చెప్పే అంకెలు. సైట్లు మూతపడేసరికి అతని డబ్బు చాలావరకు లోపలే ఇరుక్కుపోయింది. బయట మిగిలింది పదకొండువేలు. అలాంటివాళ్ళు ఆ వేసవిలో మా దగ్గరికి గుంపులుగా వచ్చారు, అంత తొందరగానూ మాయమయ్యారు.

లెక్కలు వాళ్ళకి మా అందరికంటే బాగా వచ్చు. బల్ల దగ్గర కూర్చోవడమే రాదు. వంద డాలర్ల బిళ్ళ ఒక్కటి నోరు మెదపకుండా ముందుకు నెడితే పందెం పెంచినట్టు కాదనీ, ఎదుటివాడి పందేనికి సరిపెట్టినట్టే లెక్కనీ వాళ్ళకెవరు చెప్తారు? తమ వంతు రాకముందే ముక్కలు పారేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, బల్ల మీద బోర్లించిన తమ ముక్కల మీద బరువుగా ఒక బిళ్ళ పెట్టుకోరు. కంప్యూటర్లో ముక్కలు ఎక్కడికీ పోవు మరి. ఇక్కడ పంచేవాళ్ళ చెయ్యి పొరపాటున తగిలి పారేసిన చెత్తముక్కల్లో కలిసిపోతే ఆ ముక్కలు చచ్చినట్టే. పందెం పోయినట్టే. వెస్లీకి ఆ మాట రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని. తల ఊపేవాడు, పది నిమిషాల్లో మర్చిపోయేవాడు. తప్పు చేసినప్పుడల్లా చెవులదాకా ఎర్రబడేవాడు కానీ ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. అది చూశాక అతని మీద నా కోపం కొంచెం తగ్గింది.

అతన్ని నిజంగా పట్టించుకున్నది ఓపల్. ఆవిడకి డెబ్బయ్యొకటి. ముప్ఫయ్యేళ్ళుగా ఈ బల్లల మీదే ఇల్లు గడుపుతోంది. నోరు మంచిది కాదు. మనసు కూడా అంత మంచిదని చెప్పలేను, కానీ జూన్లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో తన పళ్ళెం తీసుకెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను.

"కంప్యూటర్లో ఎన్ని బల్లలు ఆడేవాడివి అబ్బాయ్?"

"పదహారు."

"ఇక్కడ ఒక్కటి ఆడలేక చస్తున్నావే మరి."

"అక్కడ గంటకి వెయ్యి ఆటలండీ. ఇక్కడ ముప్ఫై. వెల్డాగారు ముక్కలు కలిపేలోపు నాకు నిద్రొచ్చేస్తోంది," అన్నాడు నావైపు తల తిప్పి.

"నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకో. అంతేగానీ తోచట్లేదని చెత్తముక్కలతో పందెం కాస్తావేంటి? పొద్దున్నుంచి నాలుగుసార్లు చూశాను. నా కరెంటు బిల్లు నువ్వే కడుతున్నావు."

"లెక్క ప్రకారం అది తప్పేం కాదండీ. దీర్ఘకాలంలో..."

"దీర్ఘకాలం అంటే నాకు ఒకటో తారీఖు. అద్దె కట్టేరోజు." ఓపల్ కోడిముక్క కొరికి అంది. "మీవాళ్ళంతా మెక్సికో పోయారుగా. అక్కడ కంప్యూటర్లో ఆడుకోవచ్చటగా. నువ్వూ పోరాదూ, మా ప్రాణాలు తియ్యకపోతే?"

అప్పుడు చెప్పాడు. అతనికి ఆరేళ్ళ కూతురు, పేరు జూనీ. విడాకులప్పుడు జడ్జి వారం విడిచి వారం పాపని అతని దగ్గర ఉండమన్నాడు. అతను ఊరు వదిలితే ఆ వారాలు పోతాయి. మెక్సికోలోని రొసారిటోలో అతని స్నేహితులు సముద్రం పక్కన ఇల్లు తీసుకున్నారు, ఒక గది అతనికోసం ఆగస్టు ఒకటిదాకా అట్టేపెట్టారు. ఈలోపు ఇక్కడ బల్లమీద బతకగలనని తేలకపోతే పోక తప్పదు. అతనికి వేరే పని ఏదీ రాదు.

ఓపల్ పళ్ళెం పక్కకి నెట్టింది.

"అయితే గురువారం డామ్ ఆటలో కూర్చో," అంది. "చెవుల్లోవి తీసెయ్. కళ్ళద్దాలు కూడా. అంకెలు చూడటం మానేసి మనుషుల మొహాలు చూడు."

డామ్ అంటే డొమినిక్ ఎచెవెరీ. ఇళ్ళలో ఈతకొలనులు కట్టించే కాంట్రాక్టరు. లాస్ వేగస్‌లో సగం పెరళ్ళు తవ్వింది ఆయన మనుషులే. గురువారం మధ్యాహ్నం రెండింటికి వస్తాడు, నవ్వుతూ వేలకి వేలు పోగొట్టుకుని ఆరింటికి వెళ్తాడు. ఆయన వస్తేనే ఆట. లేస్తే అందరూ లేస్తారు. ఆయనకి ఒకే ఒక్క షరతు ఉండేది. "చెవుల్లో పాటలు పెట్టుకున్నవాడితో ఆడటానికి ఇంతదూరం ఎందుకు రావాలి? మా ఇంట్లో గోడలున్నాయి," అనేవాడు. ఓపల్ ఎలా బతిమాలిందో తెలీదు, జులైలో వెస్లీకి ఆ బల్ల దగ్గర చోటు దొరికింది.

చోటు దొరికితే చాలదు కదా. మూడు గురువారాలు గడిచేసరికి అతని పదకొండువేలు మూడువేల నాలుగొందలయ్యాయి. నాలుగోది జులై ఇరవయ్యెనిమిది. బయట ఎండ నూటపది ఫారెన్‌హీట్. ఆ మూడువేల నాలుగొందలూ ముందు పెట్టుకుని ఒకటో కుర్చీలో కూర్చున్నాడు. అది పోతే సోమవారం కారెక్కి మెక్సికో వెళ్ళడమే. ఆ సంగతి నాకు తెలుసు, పక్క కుర్చీలో ఉన్న ఓపల్‌కి తెలుసు. అతని చేతివేళ్ళు బిళ్ళల్ని అస్తమానం దొంతరపెట్టి చెదరగొడుతున్నాయి. ఆ చప్పుడు నా నరాల మీద పడుతోంది.

నాలుగింటికి అతని ఫోన్ మోగింది. బల్ల దగ్గర మాట్లాడకూడదు కాబట్టి లేచి కుర్చీ వెనక నిలబడ్డాడు. మూడు నెలల్లో అతను అన్ని మాటలు మాట్లాడటం బల్ల మీద ఎవరూ వినలేదు.

"ఆదివారం వస్తాను తల్లీ... తర్వాతి ఆదివారమా? అది ఇంకా తెలీదు... లేదమ్మా, ఎవరు చెప్పారు? మెక్సికో ఏం దూరం కాదు... ఏడవకు. ఏడవకన్నానా. నేను పనిలో ఉన్నాను, మళ్ళీ చేస్తాను."

వచ్చి కూర్చున్నాడు. డామ్ తన ఎదరున్న బిళ్ళలకేసి చూస్తూ ఉండిపోయాడు. నేను మనిషికి రెండేసి ముక్కలు పంచాను.

బల్ల మధ్య తిప్పిన అయిదు ముక్కల్లో మూడు ఆఠీన్లు పడ్డాయి, వాటిలో ఒకటి రాజు. ఎవరి చేతిలోనైనా ఇంకో రెండు ఆఠీన్లుంటే ఇక వాళ్ళని కొట్టడం కష్టం. ఆటలో మిగిలింది ముగ్గురు, వెస్లీ, ఓపల్, అటువైపు డామ్. చివరి ముక్క తిప్పగానే వెస్లీ రెండు చేతులతో ఉన్న బిళ్ళలన్నీ ముందుకు తోసేశాడు.

"వీడి దగ్గర ఆఠీన్లున్నాయి," అని ఓపల్ ముక్కలు నా వైపు విసిరేసింది.

డామ్ వెస్లీకేసి చూశాడు. ఓపల్ చెప్పినట్టే వెస్లీ కూడా కళ్ళార్పకుండా డామ్ మొహంకేసే చూస్తున్నాడు. బిళ్ళలన్నీ నెట్టేశాడు కాబట్టి అతని ముక్కల మీద పెట్టడానికి ఒక్కటి కూడా మిగల్లేదు. ఓపల్ విసిరినవి జారి వాటి పక్కనే ఆగాయి.

"సరే, కాస్తున్నాను," అన్నాడు డామ్.

నేను ఓపల్ ముక్కలు లాగి చెత్తకుప్పలో కలిపాను. వేళ్ళ కింద రెండు కాదు, నాలుగున్నాయని కలిపిన తర్వాత తెలిసింది. పంతొమ్మిదేళ్ళలో అలాంటి తప్పు నేను చేయలేదు. వెస్లీ తలదించి తన ముందున్న ఖాళీ గుడ్డకేసి చూశాడు.

ఫ్లోర్ మేనేజర్ రస్ వచ్చాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"నీమీద రిపోర్టు రాస్తాను," అన్నాడు రస్. "కానీ ముక్కలు కాపాడుకోవాల్సింది ఆడేవాళ్ళు. అతని ముక్కలు చచ్చాయి. పందెం డామ్‌గారిది."

అదే న్యాయం. అందరికీ తెలుసు. బిళ్ళలన్నీ డామ్ వైపు నెట్టాను. వెస్లీ అరవలేదు, లేవలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆగు," అన్నాడు డామ్. ఆయన ముక్కలు ఇంకా ఆయన అరచేతి కిందే బోర్లా ఉన్నాయి. "కుర్రాడా, నీ దగ్గర ఏమున్నాయి? నిజం చెప్పు. నువ్వు గెలిచే ముక్కలైతే నీ డబ్బు నేనుంచుకోను. ఈవిడ చెయ్యి జారినందుకు నాకెందుకు ఆ పాపం?"

ఆ ముక్కలు చెత్తలో కలిసిపోయాయి, దేవుడు కూడా వెతికి తీయలేడు. వెస్లీ ఏం చెప్తే అదే. అతను డామ్ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఆఠీను ఆసు," అన్నాడు. "ఆఠీను తొమ్మిది."

గొంతు వణకలేదు. నేను నమ్మాను.

డామ్ తన ముక్కల అంచు ఎత్తి ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ బోర్లించి నా వైపు తోసేశాడు. "అయితే నేను ఓడిపోయాను," అన్నాడు. తన ముందున్న బిళ్ళల్లోంచి మూడువేల నాలుగొందలు లెక్కపెట్టి, నిదానంగా బల్లకి అడ్డంగా జరిపాడు. రస్ ఏదో పనున్నట్టు అటు తిరిగిపోయాడు.

పారేసిన ముక్కలు మేం తిరగేసి చూడకూడదు. నేను చూశాను. డామ్ చేతిలో ఉన్నవి డైమను రాజు, ఆఠీను ఆసు. బల్ల మీది రాజుతో ఆయనకి జత కూడా పడింది.

పేకలో ఆఠీను ఆసు ఒక్కటే ఉంటుంది. ఇంకే ముక్క పేరు చెప్పినా అబద్ధమని ఎవరికీ తెలిసేది కాదు. గంటకి వెయ్యి లెక్కలు కట్టినవాడు ఆ ఒక్కటీ కట్టుకోలేదు.

వెస్లీ మెక్సికో వెళ్ళలేదు. ఆ రోజు సాయంత్రానికి పద్దెనిమిది వందలు గెలిచాడు. తర్వాత కూడా ఆటలో అన్నీ లాభాలే అని కాదు, కానీ మనిషి మారాడు. జోకులేసేవాడు, ఓపల్ మోకాలినొప్పి గురించి అడిగేవాడు, నాకు డాలరు బిళ్ళలు నెట్టేవాడు. డామ్ పోగొట్టుకునే వేలల్లో చాలాభాగం అతనికే పోయేది. నెవాడాలో మళ్ళీ కంప్యూటర్ ఆట తెరిచినా దాని జోలికి పోలేదు. జూనీ వారం విడిచి వారం అతని ఇంట్లో పెరిగింది.

డామ్‌ని ఒక్కసారి అడిగాను, కారుకోసం బయట నిలబడ్డప్పుడు. "ఆసు మీ చేతిలోనే ఉందిగా?"

"నువ్వు ముక్కలు చూశావన్నమాట. రస్‌కి చెప్పమంటావా?" అన్నాడు నవ్వుతూ. రోడ్డుకేసి చూస్తూ, "ఆ పిల్ల ఏడుపు నా కుర్చీదాకా వినపడింది వెల్డా. ఊరికే ఇస్తే వాడు తీసుకునేవాడు కాదు," అన్నాడు. కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎనిమిదేళ్ళు నేను నోరు విప్పలేదు. పోయిన మార్చిలో డామ్ గుండెపోటుతో పోయాడు. అంత్యక్రియలైన మూడోరోజు గురువారం. ఆట మొదలవడానికి ముందు, పక్కనున్న ఖాళీ బల్ల దగ్గర నేను కొత్త పేక విప్పుతుంటే వెస్లీ వచ్చి కూర్చున్నాడు.

"నీకొకటి చెప్పాలి వెల్డా. ఆ రోజు నా దగ్గర ఆఠీన్లు లేవు. రెండు ఎనిమిదులు."

"ఊఁ."

"ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. సిగ్గేసేది. కానీ ఒక మాట చెప్పనా? ఆ రోజే నాకు ధైర్యం వచ్చింది. డామ్ అంతటివాడు నా మొహం చూసి కనిపెట్టలేకపోయాడంటే, ఈ బల్లమీద నేను బతకగలను అనిపించింది." నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది.

ఆ గర్వం నేను భరించలేకపోయాను. మనిషి మట్టిలోకి వెళ్ళి మూడు రోజులే అయింది.

"ఆఠీను ఆసు ఆయన చేతిలో ఉంది వెస్లీ," అన్నాను. "నేను చూశాను."

అతనికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. నవ్వు మొహం మీద అలాగే ఉండి, తర్వాత పోయింది.

"తెలిసే ఇచ్చాడా?"

"తెలిసే ఇచ్చాడు."

"తెలిసి... ఎనిమిదేళ్ళు నాతో ఆడాడా?"

"ప్రతి గురువారం."

"నువ్వైనా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈ బల్లకి మళ్ళీ వచ్చేవాడివా?"

ఆలోచించాడు. "వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సిందేమోనని నాకు అప్పుడనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

డామ్ లేకుండానే పక్క బల్ల మీద ఆట మొదలైంది. రస్ అతని పేరు పిలిచాడు. వెస్లీ లేవలేదు. రస్ ఇంకోసారి పిలిచి చూసి, ఒకటో కుర్చీని చోటుకోసం కాచుకున్న జాబితాలో తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేశాడు.