నీళ్ళగుడి అడిగిన మనిషి

మొన్న మా అమ్మాయి సెలవులకి వచ్చి హాల్లో టీవీకి తన ఆటల డబ్బా తగిలించుకుని కూర్చుంటే, నేను పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఓ కన్ను అటు వేశాను. తెరమీద కత్తి పట్టుకున్న పిల్ల ఒకతె మంచులో నడిచి నడిచి, పాడుబడ్డ గుడి ఒకటి కనబడగానే దాని ముందు మోకరిల్లింది. ఎక్కడో గంట మోగింది, ఆ పిల్ల ఒంటిమీద గాయాలన్నీ మానిపోయాయి. ఆ దండం పెట్టించిన మా అమ్మాయి మాత్రం కారప్పూస నమలడం ఆపనేలేదు. నేను చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేసి తెరకేసే చూస్తూ ఉండిపోయాను. కంప్యూటరు గదిలోకి వెళ్ళేముందు గుమ్మం బయట చెప్పులు విడిచిన మా తరంవాళ్ళకి కాస్తో కూస్తో అర్థమవుతుందనే నమ్మకంతో చెబుతున్నాను, ఆటలో దేవుడంటే నాకు ఈనాటికీ భయమే.

మా నాన్నగారు ఏలూరులో కాలవ ఒడ్డున ఉన్న ఓ చిన్న శివాలయంలో అర్చకులు. అమ్మ కొల్లేట్లో ఒక లంకగ్రామంలో టీచరు. పొద్దున్నే బస్సెక్కి రోడ్డు ఉన్నంతవరకూ వెళ్ళి, అక్కణ్ణించి తాటిదోనెలో కూర్చుని గుర్రపుడెక్కని తోసుకుంటూ బడికి చేరేది. అన్నయ్య రోజూ పాసింజరులో తాడేపల్లిగూడెం వెళ్ళి పాలిటెక్నిక్ చదువుకునేవాడు. బాబాయి వాళ్ళ ఆఫీసులో తీసేసిన కంప్యూటరొకటి మా ఇంటికి చేరినప్పుడు దానికి పసుపూ కుంకుమా పెట్టి, అమ్మ పాత జరీచీర ముక్కొకటి కప్పి, వాడనప్పుడు దుమ్ము పడకుండా చూసుకునేవాళ్ళం. గూడెంలో స్నేహితుడి దగ్గర్నించి అన్నయ్య తెచ్చిన ఆట కూడా ఆ గదిలోకే వచ్చింది.

ఆ ఆటలో నలుగురు ప్రయాణికులు ఊరూరా తిరిగి, రాక్షసులు ఆర్పేసిన గుడిదీపాలని మళ్ళీ వెలిగించాలి. ఆ నలుగురికీ పేర్లు పెట్టమని మొదట్లోనే అడిగింది. మామూలు పిల్లలైతే సినిమా హీరోల పేర్లు పెట్టుకునేవాళ్ళేమో! అర్చకులింట్లో పుట్టినవాళ్ళం, దేవుడి దగ్గరికి వెళ్ళేవాళ్ళ పేర్లు అనగానే మాకు గుర్తొచ్చింది సంకల్పమే. నాన్నగారు రోజూ పూజ మొదలుపెట్టేముందు గోత్రం చెప్పి, వరసగా తన పేరు, అమ్మ పేరు, అన్నయ్య పేరు, నా పేరు చదివి, వీళ్ళందరినీ చల్లగా చూడమని దేవుడికి విన్నవించేవారు. అన్నయ్య ముక్కు పట్టుకుని, అచ్చం నాన్నగారి గొంతుతో గోత్రం చదువుతూ అదే వరసలో పేర్లు కొట్టాడు, నేను పక్కన పూజగంట వాయించాను. మంత్రం వేసే పెద్దాయన నాన్నగారు, గాయాలు మాన్పే తెల్లబట్టల సన్యాసిని అమ్మ, కత్తివీరుడు అన్నయ్య, విల్లు పట్టుకున్నది నేను. కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ ఆటలో దేవుళ్ళకి ఒక పద్ధతంటూ లేదు. ఒకాయనకి జింకకొమ్ములు, ఇంకొకాయన తలవెనక వెలుగు, ఒకావిడకి మన అమ్మవారిలాగే ఎనిమిది చేతులు. నాన్నగారు ఓసారి గుమ్మంలోంచే తొంగిచూసి, "ఈ కొమ్ములాయనకి ఏ ఆగమం ప్రకారం పూజరా?" అని అడిగారు. దెబ్బ తగిలినప్పుడే వీళ్ళు గుడికి పరిగెడతారని అన్నయ్య చెబితే, మన గుడికొచ్చేవాళ్ళూ అంతేలే అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

వాయుగుండం పట్టిన రోజది. అమ్మ బడికి బయల్దేరిపోయాక వాన ముదిరి మా ఇద్దరికీ సెలవిచ్చేశారు. మధ్యాహ్నం అన్నయ్య ఆటలో ఓ సరస్సు దగ్గరికి చేరాడు. దాని నడుమ మునిగిపోయిన గుడి ఉంది. అక్కడ దీపం వెలగాలంటే నలుగురిలో ఒకరిని నీళ్ళకి సమర్పించాలని, ఎవరిని వదులుతావని అడిగింది. అన్నయ్య కాసేపు లెక్కలు వేసుకున్నాడు. ముందున్నది పెద్ద యుద్ధం, గాయాలకి మందుసీసాలు బోలెడున్నాయి, యుద్ధం చెయ్యలేని మనిషి ఆ సన్యాసిని ఒక్కతే. వద్దురా, అమ్మరా అని నేను చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా మీట నొక్కేశాడు. ఆ తెల్లబట్టలావిడ వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది. నీళ్ళు కదలను కూడా లేదు. పక్కనున్న పేర్లలోంచి అమ్మ పేరు మాయమైంది. ఆ వెంటనే కరెంటు పోయింది.

సాయంత్రం అమ్మ వచ్చే బస్సు రాలేదు. నాన్నగారు బస్టాండు దాకా వెళ్ళి తడిసి ముద్దయి వచ్చారు. తమ్మిలేరు పొంగి కొల్లేటి దారి మునిగిపోయిందట, లంకలవైపు ఒక దోనె తిరగబడిందట, అందులో ఎవరున్నారో చెప్పేవాళ్ళు లేరట.  గోత్రంతో సహా చదివి మరీ ఇచ్చేశాం కదా అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరిగింది. అన్నయ్య ముఖంలోనూ నెత్తురు లేదు. ఆపుకోలేక నాన్నగారికి అంతా చెప్పేశాను. పిచ్చిపిల్లా అని నవ్వేస్తారనుకున్నాను, ఆ నవ్వు కోసమే చెప్పాను. ఆయన నవ్వలేదు. తుండుగుడ్డ అలాగే చేత్తో పట్టుకుని కంప్యూటరు గదివైపు చూస్తూ నిలబడిపోయారు. నాకు అసలైన భయం పట్టుకున్నది అప్పుడే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు.

తెల్లవారాక కరెంటు వచ్చింది. నాన్నగారు స్నానం చేసి, తడిపంచెతోనే ఆ గదిలోకి వచ్చారు. మడిలో ఉండగా ఆ గది ఛాయలకి కూడా వచ్చేవారు కారాయన.

"ఏదీ, చూపించరా" అన్నారు.

అన్నయ్య ఆట పెట్టాడు. నీళ్ళగుడికి ముందు దాచుకున్న ఆట ఒకటుందని, అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెడితే సన్యాసిని వెనక్కి వచ్చేస్తుందని చెప్పాడు. పళ్ళెంలోంచి జారిపడ్డ పువ్వుని కూడా మళ్ళీ దేవుడి దగ్గర పెట్టనివ్వని మనిషి, దేవుడికిచ్చింది తిరిగి తీసుకోవడమంత పాపం లేదని మాకు చిన్నప్పటినించీ నూరిపోసిన మనిషి, కళ్ళు మూసుకుని, "తీసుకో నాన్నా" అన్నారు.

నలుగురమూ మళ్ళీ గట్టుమీద నిలబడ్డాం. నాకు ఊపిరి వచ్చింది. ఇక ఆట కట్టేస్తానని అన్నయ్య లేవబోతే నాన్నగారు వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఎవరో ఒకరిని ఇవ్వాల్సిందేనా?"

"ముందుకి వెళ్ళాలంటే ఇవ్వాలండీ. వెళ్ళకపోతే ఏం లేదు, ఆపేద్దామండీ."

"ఇచ్చింది లాక్కుని ఉత్త చేతులతో లేచిపోతామట్రా? నన్నివ్వు."

అన్నయ్య ఏడ్చేశాడు, చెయ్యనంటే చెయ్యనన్నాడు. నాన్నగారు వాణ్ణి పక్కకి జరిపి, ఏ మీట నొక్కాలో నన్నడిగారు. నేను వేలితో చూపించాను. అక్షింతలు వేసేటప్పుడు ఎంత నెమ్మదిగా వేసేవారో అంత నెమ్మదిగా నొక్కారు. ఆ పెద్దాయన మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు, దీపం వెలిగింది, అక్కడిదాకా ఆట దానంతటదే దాచుకుంది. నాన్నగారు లేచి, మళ్ళీ తలస్నానం చేసి గుడికి వెళ్ళిపోయారు.

మిట్టమధ్యాహ్నం వేళ అమ్మ ఆకివీడు నించి వస్తున్న చేపల లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని, ఒళ్ళంతా నీచువాసనతో మా గుమ్మం ముందు దిగింది. ఇళ్ళు మునిగిన పిల్లల్ని బడి మేడమీద పెట్టుకుని వాళ్ళకి గంజి కాచిపోసిందట. తిరగబడ్డ దోనెలో వాళ్ళు కూడా ఈదుకుంటూ గట్టెక్కారట. అలా గుడ్లప్పగించి చూస్తారేంటర్రా, వేణ్ణీళ్ళు పెట్టండి అని మమ్మల్ని కసిరింది. నేను ఆ నీచువాసనలోనే అమ్మని వాటేసుకున్నాను. ఆవిడకి ఏమీ చెప్పవద్దని నాన్నగారు కళ్ళతోనే సైగ చేశారు.

అమ్మ గురించిన భయం తీరింది, నాన్నగారి గురించిన భయం పట్టుకుంది. ఆయన దగ్గితే భయం, కాలవ దాటితే భయం, గుడినించి రావడం కాస్త ఆలస్యమైతే వీధిగుమ్మంలో నిలబడి ఆయన కిర్రుచెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. ఆటలో ఇచ్చిన మాటకి గడువెప్పుడో ఎవరికి తెలుసు? అన్నయ్య ఆ ఆట మళ్ళీ ముట్టుకోలేదు, తుడిచేయడానికీ చేతులు రాలేదు. తుడిచేస్తే ఆ నీళ్ళలో ఉన్న నాన్నగారు ఏమవుతారోనని మా ఇద్దరికీ ఒకే అనుమానం, పైకి మాత్రం అనుకోలేదు. కంప్యూటరు పాడైపోయాక కూడా అదే చీరముక్క కప్పి మూలన పెట్టి ఉంచాం.

నాన్నగారికి ఏమీ కాలేదు. మా పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకుని, పండుముసలి వయసులో ఓ మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు పడుకున్నట్టే వెళ్ళిపోయారు. అప్పుడు కూడా, అంత దుఃఖంలోనూ, నాకు ఆ మెట్లే కళ్ళముందు కదిలాయి.

సంవత్సరీకాలు అయ్యాక, ఇంక దాచడం దేనికని, అమ్మకి అంతా చెప్పాను. మురిసిపోతుందనుకున్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "నాతో ఒక్క మాటైనా అనకుండా తననెలా ఇచ్చేసుకున్నారే ఆయన?" అని ముక్కు ఎగబీల్చింది. కొంతసేపటికి ఆ కంప్యూటరు ఇప్పుడెక్కడుందని అడిగింది.

ఇల్లు మారినప్పుడు పాతసామాన్లవాడికి వేసేశాం. ఈ రోజుల్లో పిల్లల ఆటలు ఎక్కడో దూరాన భద్రంగా ఉంటాయట, డబ్బా పగిలినా ఏదీ పోదట, కొత్తది కొనుక్కుని వదిలిన చోటినించే మొదలుపెట్టవచ్చట. అందుకేనేమో వాళ్ళకి ఎవరిని నీళ్ళలోకి దించినా గుండె జారదు, ఎవరికి బదులు ఎవరు దిగాలన్న బాధా ఉండదు. వాళ్ళకి ఆ భయం లేనందుకు సంతోషించాలో, ఏడవాలో నాకు తెలియదు. మాకు ఉన్నదంతా ఆ ఒక్క పెట్టెలోనే ఉండేది.

వేసేశామమ్మా అన్నాను.  అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "వేసేముందు ఓసారి చూసుకోవద్దుటే, లోపల మనిషున్నారు కదా" అంది.